జమేదారుకు చెప్పవలసిన మాట

కోటిరత్నం గారి ఇంట్లో తంబురా పట్టుకున్నవాళ్ళు, ఆవిడ నోటివెంట "చాలు" అన్న మాట వచ్చేదాకా మీటడం ఆపకూడదు. అది ఆ ఇంటి కట్టుబాటు. పాట అయిపోయినా సరే, విన్నవాళ్ళు లేచి చెప్పులు వెతుక్కుంటున్నా సరే, వీధి తలుపు దగ్గర ఎవరో వచ్చి పిలుస్తున్నా సరే. పాట ఆగిన క్షణంలోనే శ్రుతి కూడా ఆపేయడమంటే, చీకట్లో మెట్లు దిగుతున్న మనిషి చేతిలోంచి దీపం లాక్కోవడమేనని ఆవిడ అంటారు. ఆవిడకి సంగీతం చెప్పిన పెద్దమ్మ కూడా అలాగే అనేదట. ఇది కాక ఆవిడకి ఇంకో అలవాటుంది. శిష్యులు ఏదైనా సందేహం అడిగితే తిన్నగా సమాధానం చెప్పరు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెబుతారు. ఆ పని అయ్యేసరికి, అడిగినవాడికి కాస్త బుర్ర ఉంటే, సమాధానం దానంతట అదే దొరుకుతుంది. బుర్ర లేకపోతే పనైనా అవుతుంది. ఎలా చూసినా ఆవిడకి నష్టం లేదు.

చీపురుపల్లిలో ఆవిడ దగ్గర చేరిన శిష్యులందరిలోకీ ముదురు వయసులో చేరినవాడు పైడిరాజు మేష్టారు. హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆయన "అటెన్షన్" అని అరిస్తే మైదానం అవతల గేదెలు కూడా మేత మానేసి తలెత్తేవని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి గొంతుని సంగీతంలోకి తీసుకురావడం ఎవరి తప్పయినా కావచ్చు కాని, ఆయన తప్పు మాత్రం కాదు. అది ఆయన కుక్క చేసిన పని.

ఆ కుక్క పేరు జమేదారు. జాతికుక్క కాదు. ఒకనాడు ఉదయం బడిలో ప్రార్థన జరుగుతుంటే ఎక్కణ్ణుంచో వచ్చి, ఏడో తరగతి వరసకి చివర నిలబడిన గోధుమరంగు కూన. పిల్లలు కిసుక్కున నవ్వారు. మేష్టారు అలవాటు కొద్దీ "అటెన్షన్" అన్నాడు. పిల్లలకన్నా ముందు ఆ కూన సర్దుకుని నిటారుగా కూర్చుంది. అంత క్రమశిక్షణ గల జీవిని బయటికి తోలడానికి ఆయనకి మనసొప్పలేదు. ఇంటికి తెచ్చుకున్నాడు, పేరు పెట్టాడు, పెంచాడు. పెంచడమంటే ఆయనకి తెలిసింది ఒకటే పద్ధతి. గిన్నెలో అన్నం పెడితే జమేదారు ఎదురుగా కూర్చుని ఆయన మొహంలోకి చూసేది. "కానీ" అంటే తప్ప మూతి పెట్టేది కాదు. పడుకునేముందు పెరడంతా ఒక చుట్టు చుట్టి వచ్చి గేటు దగ్గర తలెత్తుకుని నిలబడేది. గడప మీదనుంచి ఆయన "విశ్రామ్" అనాలి. అప్పుడు గాని ముందుకాళ్ళ మీద గడ్డం ఆన్చి కళ్ళు మూసేది కాదు. భార్య గౌరీశ్వరి ఈ తంతు చూసి చూసి, "కుక్కని పెంచుతున్నారా, కానిస్టేబుల్ని పెంచుతున్నారా?" అనేది. ఆమె ఎంత ముద్దుగా "కానీ" అన్నా అది తలైనా తిప్పేది కాదు. మేష్టారు పైకి నవ్వి ఊరుకునేవాడు గాని, లోలోపల ఆయనకి అదొక మహా గర్వం.

జమేదారు ఆయన మాట వినకపోవడం అన్నది జరిగింది ఒకే ఒక్కసారి. రిటైరైన కొత్తల్లో ఒక సాయంత్రం ఇద్దరూ షికారు వెళ్ళి వస్తుంటే, కోటిరత్నం గారి వీధి అరుగు ముందు అది ఠక్కున ఆగి కూర్చుండిపోయింది. లోపల ఆవిడ పాడుతున్నారు. "పద" అన్నాడు మేష్టారు. కదల్లేదు. "జమేదార్, పద!" అని మైదానపు గొంతుతో అన్నాడు. చెవి ఒకటి ఆయనవైపు తిప్పింది, అంతే. చెవి తిప్పిందంటే వినపడింది; వినపడీ కదల్లేదు. నడివీధిలో ఆయనకి తలకొట్టేసినట్టయింది. పాట పూర్తయ్యేదాకా అది కూర్చుంది, దానితోపాటు ఆయనా నిలబడ్డాడు. ఆ నిలబడటంలో ఏమైందో ఏమో, మర్నాడు అదే వేళకి ఆయన కాళ్ళు వాటంతట అవే అటు నడిచాయి. కొన్నాళ్ళకి అరుగెక్కి, "నాకూ కొంచెం చెప్తారేటండీ?" అని అడిగాడు. ఆవిడ ఆయన గొంతు ఒకసారి విన్నారు. విని, ఏమీ అనకుండా తంబురా ఒళ్ళో పెట్టారు. అప్పటినుంచీ ఆయన చదువు తంబురా దగ్గరే ఉంది. అదీ కుదురుగా కాదు. తీగె తీగెకీ మనసులో లెక్క పెట్టుకునేవాడు; వేళ్ళు కవాతు చేస్తున్నట్టు పడేవి. "శ్రుతికి లెఫ్టూ రైటూ ఉండవు నాయనా" అని ఆవిడ నవ్వేవారు. జమేదారు మాత్రం అరుగు మీద, గుమ్మంలోంచి ఆయన కనిపించే చోటు చూసుకుని పడుకుని, హాయిగా వినేది.

అలాంటి జమేదారు ముసలిదైపోయింది. కళ్ళకి పొర కమ్మింది, వెనకకాళ్ళు పట్టు తప్పాయి. అంతవరకూ పరవాలేదు, ముసలితనం ఎవరికి రాదు? కాని ఆ వేసవిలో దాని నోట్లోంచి అదో రకమైన ఘాటు వాసన రావడం మొదలైంది. పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, మూత్రపిండాలు రెండూ చెడిపోయాయంది. సెలైన్ ఎక్కిస్తే నాలుగు రోజులు తేరుకుంది, మళ్ళీ వాలిపోయింది. ఇంకోసారి ఎక్కించారు. ఈసారి తేరుకోలేదు. డాక్టరమ్మ చిన్నపిల్లే గాని నెమ్మదస్తురాలు. "ఇంక బాగవదు సార్. ఉన్నన్నాళ్ళూ బాధే. మీరు సరేనంటే నొప్పి తెలీకుండా పంపించేద్దాం. తొందరేం లేదు, ఆలోచించుకోండి" అంది. ఆయన ఆలోచించుకోలేదు. కోపం తెచ్చుకున్నాడు. "తిండి తింటున్న జీవిని చంపేస్తారేటండీ? చూడండి కావాలంటే" అని, గిన్నెలో పెరుగన్నం పెట్టి "కానీ" అన్నాడు. జమేదారు ఆయన మొహం చూసింది. తల వంచి, మెల్లిగా, ఆగి ఆగి, అంతా తినేసింది. డాక్టరమ్మ ఏదో అనబోయి ఊరుకుంది.

అనవలసింది గౌరీశ్వరి అంది, డాక్టరమ్మ వెళ్ళాక. "మీరు కానీ అంటే అది గులకరాళ్ళైనా తింటాది. తిన్నదంతా బాదంచెట్టు ఎనకాలకి పాక్కుంటూ పోయి కక్కుతంది. మనకి కనపడకూడదని అక్కడిదాకా పోతంది. కడుగుతున్నది నేను, మీరు కాదు." ఆయన వినిపించుకోలేదు. దానిమీద ఆశ వదులుకోకుండా ఉండటానికి ఆయనకి ఇంకో ఆధారం కూడా ఉంది. గేటు దాకా నడవలేకపోతోందని దాన్ని తన మంచం పక్కనే బొంత వేసి పడుకోబెట్టుకుంటున్నాడు. ఎప్పుడు లేచి చూసినా అది పడుకునే ఉండేది గాని, తల మాత్రం ఎత్తుకునే ఉండేది. మెడ వణుకుతున్నా దించేది కాదు. "ఇంత జబ్బులోనూ కాపలా మానలేదు చూశావా? బతకాలని లేని కుక్క ఇలా ఉంటాదా?" అని భార్యకి చూపించి మురిసిపోయేవాడు. మురిసిపోయాక నిద్రపట్టేది కాదు. కాళ్ళు ఎలా ఈడుస్తోందో, డొక్కలు ఎలా ఎగరేస్తోందో ఆయనకీ కళ్ళున్నాయి. అది ఉండాలనుకుంటోందా, పోవాలనుకుంటోందా? ఆ ఒక్క ముక్క అది చెప్పగలిగితే ఆయన ఏదైనా చేసేవాడు. అడిగినవాళ్ళలో ఒకరు పాపమన్నారు, ఒకరు పుణ్యమన్నారు. వాళ్ళ మాటలు వాళ్ళవే గాని జమేదారు మాట కాదు.

చివరికి దాన్ని గౌరీశ్వరి పాత నూలుచీరలో చుట్టి, ఆటోలో పెట్టుకుని, కోటిరత్నం గారింటికి తీసుకెళ్ళాడు. అరుగు మీద దాని చోట్లో దాన్ని దించి, లోపలికి వెళ్ళి ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మగారూ, డాక్టరమ్మ సూదేసి పంపేస్తానంటంది. మా ఆవిడా అదే మంచిదంటంది. నాకు పాలుపోవట్లేదండి. అది తింటంది, తల ఎత్తుకునే ఉంటంది. బతకాలనుందో, చాలనుకుంటందో, నోరు లేని దాని మనసు తెలుసుకోవడం ఎలాగండీ?"

ఆవిడ గుమ్మం దాకా వచ్చి, జమేదారుని కాసేపు చూశారు. చూసి వెనక్కి వచ్చి కూర్చుని, "తంబురా తీసుకో నాయనా" అన్నారు.

ఆయన తీసుకున్నాడు. ఆవిడ పాడారు. వయసు మీద పడ్డ గొంతే గాని, ఎక్కడ తగ్గాలో తెలిసిన గొంతు. పాట పూర్తయింది. ఆయన వేళ్ళు ఇంకా తీగెల మీదే ఉన్నాయి, ఆ మాట కోసం చూస్తున్నాడు. ఆవిడ ఆ మాట అనకుండానే లేచి, నీళ్ళచెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. మొక్కలకి నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత పాలమనిషితో మాటలు వినిపించాయి. తర్వాత బియ్యం చెరుగుతున్న చేట చప్పుడు. మర్చిపోయారేమో అనుకున్నాడు ఆయన. పిలుద్దామా అనుకుని, గురువుగారిని కేకేసి పిలవడం ఏం మర్యాదని మానుకున్నాడు. కుడికాలు తిమ్మిరెక్కింది. వేళ్ళ చివర్లు మొదట ఎర్రబడ్డాయి, ఆ తర్వాత మండాయి. దాహం వేసింది. మనసంతా అరుగు మీద కుక్క మీద ఉంది. గుమ్మంలోంచి అది కనిపిస్తూనే ఉంది, తలెత్తుకుని ఇటే చూస్తోంది. ఇంటికి తీసుకుపోవాలి, మందు వేళవుతోంది. అయినా ఆయన ఆపలేదు. ఆపడమన్నది ఆయన చేతిలో ఉన్న పని కాదు. అరుగు మీద ఎండ గోడెక్కి, గోడ మీద నుంచి కూడా పోయింది.

అప్పుడు ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు. "ఇంకా మీటుతున్నావా? ఆపాలనిపించలేదూ?"

"అనిపించిందండి. ఎప్పుడో అనిపించిందండి."

"మరి?"

"మీరు చెప్పలేదు కదండీ" అన్నాడు పైడిరాజు మేష్టారు. గొంతులో కాస్త నిష్ఠూరం కూడా ఉంది.

ఆవిడ ఆయన వేళ్ళవైపు చూశారు. ఆ తర్వాత ఆయన భుజం మీదుగా గుమ్మంలోంచి బయటికి చూశారు. "చాలు నాయనా" అన్నారు. తంబురా తీసుకుని గుడ్డ కప్పేశారు. అమ్మగారూ, నేనడిగినది, అని ఆయన మొదలుపెట్టేలోపు, "పొద్దు గూకుతోంది. ఆటో పిలుచుకో" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆటోలో ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ప్రాణం పోయే సంగతి అడగడానికి వెళ్తే వెట్టిచాకిరీ చేయించి పంపించిందే ఈవిడ అనుకున్నాడు. రైల్వే గేటు పడి ఉంటే ఆటో ఆగింది. వేళ్ళ మంట తగ్గడానికి నోటితో ఊదుకుంటుంటే, ఆవిడ అడిగిన ప్రశ్న, తను చెప్పిన జవాబు రెండూ మళ్ళీ చెవిలో పడ్డాయి. మీరు చెప్పలేదు కదండీ. ఆయన తల వంచి చూశాడు. ఒళ్ళో ఉన్న జమేదారు, మెడ వణుకుతుంటే, తలెత్తి ఆయన మొహంలోకే చూస్తోంది. ఆ చూపు ఆయనకి కొత్తది కాదు. గిన్నె ముందు కూర్చుని చూసే చూపు అది. రైలు వచ్చి పోయింది, గేటు లేచింది, ఆటో కదిలింది. ఆయన ఊదుకోవడం మర్చిపోయి అలాగే కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక గౌరీశ్వరి మెత్తగా ఉడికించిన అన్నంలో కోడిమాంసం నీళ్ళు కలిపి గిన్నెలో తెచ్చింది. ఆయన గిన్నె దాని ముందు పెట్టాడు. "కానీ" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని పళ్ళ మధ్యే ఆపుకున్నాడు. వంగి, దాని చెవి దగ్గర, "నీ ఇష్టం రా జమేదారూ" అన్నాడు. ఆ మాట అదెప్పుడూ విని ఎరగదు. తన మొహం కనిపిస్తే మళ్ళీ ఏం చేస్తుందోనని ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి, తలుపు చాటున, గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చేస్తంది?" అని అడిగాడు కాసేపటికి.

"చూస్తంది. మీరు పోయిన వైపే చూస్తంది" అంది గౌరీశ్వరి గుమ్మంలోంచి.

ఇంకాసేపటికి, "ఇప్పుడు?"

"మూతితో గిన్నెని అవతలికి తోసేసిందండి" అంది. అన్ని రోజులుగా తను చెబుతున్నదే నిజమైనా, ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో గెలిచిన సంతోషం ఏమీ లేదు. మేష్టారు గోడకి తల ఆన్చి ఏడ్చాడు. మనసు దాచుకున్నది జమేదారు కాదు. అడగవలసినట్టు అడగనిది తను. తినమన్నది తను, తింటోందని మురిసిందీ తనే. మర్నాడు పొద్దున్నే ఆయన డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఇంటికి రాగలరా అని అడిగాడు.

డాక్టరమ్మ సంచి పట్టుకుని వచ్చేసరికి ఆయన జమేదారుని గేటు దగ్గర, అది రోజూ నిలబడే చోట, బొంత మీద పడుకోబెట్టి పక్కనే నేల మీద కూర్చున్నాడు. ముందు మత్తు సూది, అది నిద్రలోకి జారుకున్నాక రెండోది అని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. మొదటిది వేసింది. జమేదారు కళ్ళు బరువెక్కాయి. ఒళ్ళు సడలింది. తల మాత్రం దించలేదు. వాలబోతుంది, ఉలిక్కిపడ్డట్టు మళ్ళీ ఎత్తుతుంది. వాలబోతుంది, మళ్ళీ ఎత్తుతుంది. డాక్టరమ్మ కాసేపు ఆగి, "మందు సరిపోయినంత వేశాను సార్. ఎందుకో నిద్రని ఆపుకుంటోంది" అంది.

ఎందుకో ఆయనకి తెలిసింది. గేటు దాకా నడవలేని కుక్కకి ఆ ముచ్చటెందుకని, బొంత మీద పడుకోబెట్టుకున్న నాటినుంచీ దానికి "విశ్రామ్" అనడం ఆయన మానేశాడు. ఇన్నాళ్ళూ అది తలెత్తుకుని కాసింది ఇంటిని కాదు. ఆ మాట కోసం కాసింది. తను దాని పక్కనే మంచమ్మీద పడుకుని, దాని కాపలా చూసి మురిసిపోతూ గడిపాడు. చెప్పాలని నోరు తెరిచాడు. మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి వినబడిన గొంతు, జానెడు దూరంలో ఉన్న చెవి దాకా రాలేదు. ఆయన భార్యవైపు చూశాడు, నువ్వైనా చెప్పవా అన్నట్టు. గౌరీశ్వరి కళ్ళొత్తుకుంటూ తల అడ్డంగా ఊపింది. "నేను చెప్తే అది వినదు కదండీ. మీరే చెప్పాలి."

ఆయన దాని గడ్డం కింద అరచెయ్యి పెట్టాడు. "జమేదార్" అన్నాడు. చెవి ఒకటి ఇటు తిరిగింది. "బాగా చేశావురా. విశ్రామ్."

ఆ తల మెల్లిగా బరువెక్కి ఆయన అరచేతిలోకి దిగింది. కళ్ళు మూతపడ్డాయి. నిట్టూర్పు ఒకటి పెద్దగా విడిచింది. ఎన్నో రోజులుగా లోపల పట్టుకుని ఉన్నదేదో వదిలిపెట్టినట్టు ఉందది. డాక్టరమ్మ రెండో సూది వేసింది. ఎప్పుడు అయిపోయిందో ఆయనకి తెలియలేదు. చేతిలో బరువు మాత్రం అలాగే ఉంది. పెరట్లోనే, గేటు పక్కన, గుంత తీసి దాన్ని పూడ్చిపెట్టారు.

ఆ తర్వాతి సంగతి ఎవరూ ముందు చెప్పరు. నిర్ణయం తీసుకునేదాకానే కష్టమనుకున్నాడు ఆయన. ఇల్లు ఇంత పెద్దదని ఆయనకి ముందు తెలియదు. నాపరాళ్ళ మీద గోళ్ళ టకటక వినిపించినట్టయి పేపరు దించి చూసేవాడు. మొదటి వాన పడినప్పుడు, తడిసిన కుక్క వాసన రాలేదని పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. భోంచేస్తూ చేస్తూ ఆఖరి ముద్ద పక్కన పెట్టేవాడు. గౌరీశ్వరి దాన్ని తీసి కాకులకి వేసేది. అన్నిటికన్నా గేటు వేసే వేళ కష్టంగా ఉండేది. తాళం వేసి గడప ఎక్కగానే ఆ మాట గొంతులోకి వచ్చి నిలబడేది. దాన్ని ఎవరికి చెప్పాలి? మింగుకుని లోపలికి వెళ్ళేవాడు. సంగీతానికి వెళ్ళడం మానేశాడు. దానివల్ల మొదలైన చదువు, దానితోనే పోయిందనుకున్నాడు. చివరికి గౌరీశ్వరే, "ఇంట్లో గోడల్ని చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటారు? ఆ తంబురా దగ్గరకైనా పోండి" అని చొక్కా తెచ్చి చేతికిచ్చింది.

వెళ్ళాడు. అరుగు దగ్గరకి వచ్చేసరికి కాళ్ళు ఆగాయి. జమేదారు పడుకునే చోట సిమెంటు నున్నగా అరిగి మెరుస్తోంది. దాన్ని తొక్కకుండా పక్కనుంచి ఎక్కి లోపలికి వెళ్ళాడు. కోటిరత్నం గారు ఆయన్ని చూసి, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగలేదు.

"జమేదారు పోయిందండి" అన్నాడు ఆయన. అని, నిలబడ్డ చోటే కూలబడిపోయాడు. "జన్మంతా నేను చెప్పినట్టే విన్నాదండి, అమ్మగారూ. కూర్చోమంటే కూర్చున్నాది. తినమంటే, సయించకపోయినా తిన్నాది. ఆఖరికి పడుకోమంటే పడుకున్నాది. అది చాలనుకునే పోయిందో, నేను చెప్పానని పోయిందో నాకు తెలీట్లేదండి. కళ్ళు మూస్తే ఇదే, తెరిస్తే ఇదే."

ఆవిడ వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నారు. "మొట్టమొదట మా అరుగు ముందు కూర్చున్నప్పుడు, నువ్వు పద పద అని వీధంతా దద్దరిల్లేలా కేకలేశావు. నాకు లోపలికి వినపడింది. వెళ్ళిందా?"

"లేదండి."

"ఎందుకు వెళ్ళలేదూ?"

ఆయన ఆ సాయంత్రాన్ని తలుచుకున్నాడు. ఇటు తిరిగిన చెవి కళ్ళకి కట్టింది. "పాట అవలేదు కదండీ" అన్నాడు.

"ఊఁ" అన్నారావిడ.

ఆయన మొహం తుడుచుకున్నాడు. లోపల ఒక ముడి వదులైనట్టుంది గాని, బెంగ మాత్రం అక్కడే ఉంది, అంతే ఉంది. పసిపిల్లాడిలా అడిగేశాడు. "దానికైతే నేను చెప్పాను. నాకెవరు చెప్తారండీ, ఇంక చాలని? మీరైనా చెప్పండి."

ఆవిడ తంబురా మీద గుడ్డ తీశారు. బిరడాలు సవరించి, ఆయన ఒళ్ళో పెట్టారు. ఆయన మీటడం మొదలుపెట్టాడు. ఆవిడ పాడారు. జమేదారు నడివీధిలో కూర్చుని విన్నది ఆ పాటే. మొదటి చరణంలోనే ఆయన కళ్ళు గుమ్మంలోంచి అరుగు మీదకి వెళ్ళాయి, ఇంక వెనక్కి రాలేదు. ఎదురుగా ఖాళీ చోటు. వేళ్ళు తీగెల మీద నడుస్తున్నాయి, లెక్క ఎక్కడ తప్పిందో ఆయన చూసుకోలేదు. కవాతు పోయింది. ఒక తీగె మోత ఆరకముందే ఇంకోటి దాని కిందికి వచ్చి చేరుతోంది. ఆవిడ పాడుతూనే ఒకసారి ఆయన చేతివైపు చూసి, కళ్ళు మూసుకున్నారు.

పాట అయిపోయింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. ఆయన తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. కాసేపు చూశాడు. బయట వెలుగు సన్నగిల్లుతోంది.

"అమ్మగారూ" అన్నాడు మీటుతూనే, "పాట అయిపోయింది కదండీ?"

"పాట అయింది నాయనా" అన్నారు కోటిరత్నం గారు, అరుగువైపు చూస్తూ. "నేనింకా చాలనలేదు."